మా మేనత్తకు నచ్చని సినిమాలు

మా మేనత్త పోయింది. కర్నూలులో నేను టీచరుగా ఉన్న బడిలో మధ్యాహ్నం గంట కొట్టే వేళకు ఆ కబురు వచ్చింది. కడప బస్సు దిగిన మా ఊరి మనిషి ఒకాయన గేటు దగ్గర నిలబడి, నన్ను చూడగానే తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ తువ్వాలు తీయడంలోనే నాకు సంగతి తెలిసిపోయింది.

"మీ అత్త పాయనమ్మా. నిన్న పొద్దున. ఎండలు గదా, నిలపలేదు. సాయంత్రానికే మట్టి చేసిరి" అన్నాడు.

నేను ఊరు చేరేసరికి సమాధి మీది తడి మట్టి ఆరి తెల్లబడిపోయింది. మర్నాడు ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. ఈమధ్యనే మా సంఘానికి వచ్చిన కుర్ర పాదిరిగారు లేచి, "ఈ తల్లి ఓర్పుకు మారుపేరు. నోరెత్తి ఒకరిని ఒక మాట అన్నది కాదు. లోక వినోదాలకు ఆమడ దూరంలో బతికిన భక్తురాలు" అని చెప్పారు. వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేటట్టు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా రోత పుట్టింది.

ఎందుకంటే ఆ మూడు మాటలూ అబద్ధాలే. మా మేనత్తకు ఓర్పు లేదు. మా పేటలో ఆమె చేత మాట పడని మనిషి లేడు. ఇక లోక వినోదాల సంగతి చెప్పాలంటే, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె చూసినన్ని సినిమాలు చూసిన ఆడమనిషిని నేను ఎరగను. చచ్చినవాళ్ళకు చక్కెర పూసి పాతిపెట్టడం ఆమెకు ఒంటికి పడేది కాదు. ఆ ప్రసంగం విని ఉంటే మూతి పక్కకు తిప్పి, ఉమ్మకుండానే "తూ" అని ఉండేది. ఆమె అనలేదు కనుక నేను రాస్తున్నాను.

ఆమె మా నాయనకు అక్క. కడపకు నాలుగైదు మైళ్ళలో మా ఊరు. మామ ఊరూరా తిరిగి సువార్త చెప్పేవాడు. కలరాలో పోయాడు. ఒక కొడుకునూ, కొంచెం మెట్ట చేనునూ వదిలి వెళ్ళాడు. చెనిక్కాయ, జొన్న, కొర్ర, ఏది వేసినా అత్తే దగ్గరుండి చేసుకునేది. మిషను బడిలో బైబిలు చదివేటంత చదువు నేర్చింది. ఎత్తుగా, ఎండిన కంది కట్టెలాగా ఉండేది. ఆమెతో నడిస్తే మనం పరుగెత్తాలి. శనివారం కూరగాయల గంప ఎత్తుకుని కడప సంతకు పోయేది. గంప ఖాళీ అయ్యాక దాన్ని చంకన పెట్టుకుని, అటునుంచి అటే సినిమాకు పోయేది.

మొదట్లో బొమ్మలకు మాటలు లేవు. డేరాలో తెర పక్కన ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి కథంతా అరిచి చెప్పేవాడు. నేను చిన్నదాన్నిగా ఉన్నప్పుడు నన్ను అక్కడికి తీసుకుపోయింది. బయటికి రాగానే, "బొమ్మ ఒకటి చెప్తాంటే ఆ మనిషి ఇంకోటి చెప్తాండాడు పాపా. వాడొక అబద్ధం, ఇదొక అబద్ధం. రెండిటికీ పొంతన లేదు" అంది. తరవాత కడపలో మాట్లాడే బొమ్మలు వచ్చాయి. మొదటిది చూసి వచ్చి, "మూగగా ఉన్నప్పుడే మేలు. నోరొచ్చి చెడిరి" అని తేల్చేసింది.

ఆమె ఇంటి ముందు నాపరాయి బండలు పరిచి ఉండేవి. ఎండాకాలం సాయంత్రం వాటి మీద నీళ్ళు చల్లితే వేడి ఆవిరి లేచేది. అది చల్లారాక పేట ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళలో సినిమా హాలు గడప తొక్కినవాళ్ళు చాలా తక్కువ. కొందరికి మొగుళ్ళు వద్దంటారు, కొందరికి సంఘం వద్దంటుంది. వాళ్ళందరికీ సినిమా అంటే మా అత్త చెప్పేదే. ఆమె కథను నేరుగా చెప్పేది కాదు. ఏ ముక్క దగ్గర రోత పుట్టిందో ఆ ముక్క దగ్గర ఆగిపోయి, దాన్ని విప్పి చూపించేది.

"ఒగామె తిరగలి తిప్పతాంటాది. ఒంటినిండా పట్టుచీర, మోచేతి దాకా గాజులు. తిప్పతా తిప్పతా పాట ఎత్తుకుంటాది. నేను తిరగలి కిందికే చూస్తాండా. ఒక్క పిడికెడు పిండి రాల్తే ఒట్టు. పాటంతా అయిపాయ. మొగుడొచ్చి కూసున్నాడు. రొట్టె పెట్టింది. యాడ్నుంచి వచ్చిందిమే ఆ రొట్టె?"

"పక్కింట్లో చేబదులు తెచ్చిందేమోలే అత్తా" అని ఎవరో అంటే అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. "నవ్వాకండి. మన పని వాళ్ళకు పాట మాదిరి కనపడతాండాది. మనం అరచేతులు బొబ్బలెక్కి తిప్పతాంటే, వాళ్ళకు అది కులుకుడు" అనేది.

ఇంకొక సినిమా చూసి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అందులో ఊరి పెద్ద బిడ్డ బావిలో పడుతుంది. మా పేటలాంటి పేట నుంచి ఒక కూలివాడు దూకి, బిడ్డను పైకి అందించి తాను మునిగిపోతాడు. ఊరంతా ఏడుస్తుంది. ఊరి పెద్ద వాడి పాదాల మీద పూలు వేస్తాడు. హాల్లో అందరూ ముక్కులు చీదుకున్నారట.

"మంచి కతే గదత్తా" అంది ఒకామె.

"ఏం మంచి? వాన్ని చంపితే గానీ వాని మీద పూలెయ్యలేకపాయిరి. వాడు బతికి గట్టెక్కుంటే ఏం చేద్దురో నీకు తెల్దా? బాయి మైలపడిందని నీళ్ళన్నీ తోడి పారబోయిద్దురు. ఆ తోడేది గూడా వానిచేతనే తోడిద్దురు. కత రాసినోనికి ఆ సంగతి తెలుసు. అందుకే వాన్ని ముంచేసినాడు. వాడు బతికుంటే కత కంపు కొడతాది."

ఊరి బావి దగ్గర కుండ దూరంగా పెట్టి, ఎవరన్నా వచ్చి ఇన్ని నీళ్ళు వంచుతారేమోనని ఎండలో నిలబడినవాళ్ళే ఆ బండల మీద కూర్చున్న అందరూ.

అన్నీ తిట్టేదేనా, నచ్చినవి లేవా అని ఒకసారి అడిగాను. "ఒక ఎద్దు ఉన్నింది. వంక దాటతాంటాది. నీళ్ళలో కాలు పెట్టి, ఎనక్కి తీసుకోని, మళ్ళా పెట్టె. ఆ సినిమాలో అదొకటే నిజంగా నడిచింది. దానికి ఎవురూ నేర్పలేదు గదా" అంది.

ఆమె సినిమాలకు పోతున్న సంగతి సంఘ పెద్దలకు తెలియకుండా ఎలా ఉంటుంది? అప్పటి పాదిరిగారు పెద్దవయసు మనిషి. ఒకనాడు గొడుగు పట్టుకుని ఇంటికి వచ్చారు. నేను మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాను.

"ఏమ్మా, శనివారం శనివారం సినిమాకు పోతాండావంట?"

"పోతాండా అయ్యగారూ."

"అది పాపపు తావు గదమ్మా."

"మీరు ఎప్పుడన్నా చూసినారా?"

"నేనెందుకు చూస్తా! తలుచుకుంటేనే రోత."

"అదే చెప్తాండా అయ్యగారూ. మీకు తలుచుకుంటేనే పుడతాది. నాకు చూస్తేగానీ పుట్టదు. అంత దూరం నడిచిపోయి, చివరిదాకా కూసోని, కండ్లారా చూసి, రోతపడి వస్తాండా. మీ కన్నా నేనే ఎక్కువ కష్టపడతాండా."

ఆయనకు నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుని, పెద్దలు తీర్మానం చేశారనీ, ఇకమీదట ఆమెకు ప్రభువు బల్లలో, అంటే గుడిలో పంచే రొట్టె రసాల్లో, పాలు ఉండదనీ చెప్పారు. అత్త మొహంలో రంగు మారింది. కాని వాదించలేదు. "సరే అయ్యగారూ" అని మాత్రం అంది. ఆయన లేచి గడప దాటి, గొడుగు విప్పి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

"అది సరేగానీ... పోయిన వారం చెప్తివంట గదా, తిరనాళ్ళో తప్పిపోయిన పిల్లోని కత. ఇంతకూ వాళ్ళమ్మకు దొరికినాడా?"

"దొరికినాడు అయ్యగారూ. మెడలో గొలుసు చూసి గుర్తుపట్టింది. కన్నబిడ్డ మొగం గుర్తులేదంట, గొలుసు గుర్తుండాదంట. తూ."

"గొలుసు చూసా..." అనుకుంటూ ఆయన నిరాశగా ఎండలోకి వెళ్ళిపోయారు.

ఆ తరవాత చాలా కాలం, రొట్టె పళ్ళెం తన ముందు నుంచి పక్కవాళ్ళకు పోతూ ఉంటే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. బాధ లేదని కాదు. బాధ ఉన్నా సినిమాలు మానలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తోచింది చెబుతాను. ఊళ్ళో ఏది చూసినా తల వంచుకుని పోవాలి. అక్కడ చీకట్లో కూర్చుని ఎంతసేపైనా కళ్ళు తెరిచి చూడవచ్చు. బయటికి వచ్చాక, చూసింది బాగాలేదని గట్టిగా చెప్పవచ్చు.

నేను టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు ఆమెతో పోయేదాన్ని. ఆ హాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు వాంతి వస్తుంది. ఆడవాళ్ళ వైపు మాసిన పరదా ఒకటి వేలాడేది. గోడలన్నీ తాంబూలం ఉమ్ములు. బీడీ పొగ, పసిపిల్లల ఉచ్చ, తలనూనె, అన్నీ కలిసి ఒక గాలి. రీలు మార్చడానికి దీపాలు వెలిగించినప్పుడల్లా మగవాళ్ళు పరదా ఎత్తి లోపలికి తొంగిచూసి పళ్ళికిలించేవాళ్ళు. అత్త ఆ కంపులో నిటారుగా కూర్చుని రెప్ప వేయకుండా తెరనే చూసేది. ఆట ఎంత చెడ్డదైనా మధ్యలో లేచేది కాదు. బయటికి వచ్చాక బుగ్గవంక ఏరు దాటేదాకా పెదవి విప్పేది కాదు. దాటాక మొదలుపెడితే ఊరు వచ్చేదాకా ఆపేది కాదు.

ఇప్పుడు మా బావ సంగతి చెప్పాలి. బావ అంటే అత్త కొడుకు. అందగాడు, కష్టజీవి. గుడిలో కీర్తన ఎత్తుకుంటే పెద్దలు కళ్ళు మూసుకుని తలలు ఊపేవాళ్ళు. నన్ను అతనికి ఇవ్వాలని మా నాయన ఆశ. అత్తే వద్దంది. "పాపను చదివిచ్చురా. నా కొడుక్కు నేను వేరే చూసుకుంటా" అంది. సొంత అక్క తన బిడ్డను కాదన్నదని మా నాయన ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఆమె నంద్యాల దిక్కు నుంచి ఒక అమ్మాయిని కోడలిగా తెచ్చుకుంది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నెమ్మదైన మనిషి. కలుపు తీస్తే చేను దువ్వినట్టు ఉండేది.

బావ ఆమెను కొట్టేవాడు. పేటంతటికీ తెలుసు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కీర్తనలు పాడే నోరు, కొట్టే చెయ్యి ఒకే మనిషివని ఎవరికీ వింతగా కూడా అనిపించేది కాదు. ఇంకొక సంగతి కూడా రాయాలి. లోపల దెబ్బలు పడుతున్నప్పుడు అత్త పెరట్లోకి పోయి మేకలకు ఆకు వేసేది. ఊరందరి మీదా నోరు చేసుకునే మా అత్త, అప్పుడు మాత్రం నోరు ఎత్తేది కాదు.

ఒక ఎండాకాలం కడపకు ఒక సినిమా వచ్చింది. ఊళ్ళ నుంచి జనం బండ్లు కట్టుకుని పోయారు. భక్తి సినిమా, సంసారం సినిమా, రెండూ కలిసిందని చెప్పుకున్నారు. ఎప్పుడూ ఇంట్లోవాళ్ళను ఎక్కడికీ తీసుకుపోని బావ, తానే వచ్చి, "అమ్మా, ఈసారి నీ కోడల్ని గూడా పిల్చుకపోదాం. ఆడోళ్ళంతా చూడాల్సిన బొమ్మంట" అన్నాడు. నలుగురం కలిసి పోయాం.

ఆ కథ ఇది. మొగుడు తాగుతాడు, ఇంకొకామె ఇంట్లో ఉంటాడు. పెళ్ళాం వాడి కాళ్ళు కడుగుతుంది. వాడు తంతాడు. ఆమె లేచి, వాడి పాదం పట్టుకుని, "మీ కాలు నొచ్చిందా స్వామీ" అని అడుగుతుంది. హాల్లో ఆడవాళ్ళంతా ఒక్కసారి బావురుమన్నారు. పరదా అవతల మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. తరవాత వాడికి జ్వరమొచ్చి చూపు పోతుంది, ఆమె అడుక్కొచ్చి పోషిస్తుంది. చివరికి దేవుడు చూపు ఇస్తే, వాడు మొదట చూసేది తన పాదాలకు మొక్కుతున్న పెళ్ళాం తలను. ఆకాశం నుంచి పూలు రాలుతాయి. పక్కకు చూశాను. అక్క ఏడవడం లేదు. తెర మీద వాడు తన్నినప్పుడు, ఎడమ చేతి మీదికి కొంగు లాక్కుని కప్పుకుంది. అక్కడ కమిలిన మచ్చ ఉంది. అత్త తెరను వదిలి ఆ చేతి వైపే చూస్తోంది.

ఆ రోజు బుగ్గవంక దాటినా అత్త ఏమీ మాట్లాడలేదు. ఊరు చేరినా మాట్లాడలేదు. బావ మాత్రం ఈల వేసుకుంటూ నడిచాడు.

మర్నాడు ఆదివారం. గుడి నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నాం. సంగటి చల్లారిందని బావ తన ముందున్న కంచాన్ని కాలితో తన్నాడు. కాలి వేళ్ళు బండ అంచుకు తగిలినట్టున్నాయి, పట్టుకున్నాడు. పట్టుకుని నవ్వాడు.

"ఏమే, నిన్న చూస్తివి గదా? కాలు నొచ్చిందా అని అడగవే?"

అక్క నేల మీద చెదిరిన సంగటి ఎత్తుతోంది. ఆ చేతులు అలాగే ఆగాయి. తరవాత, మెల్లగా, ముద్ద అంటిన చెయ్యి అతని పాదం వైపు చాపింది.

"లెయ్యి" అంది అత్త. ఎంత మెల్లగా అందంటే నాకు సరిగా వినపడలేదు. "లెయ్యిమే. చెయ్యి తియ్యి. పోయి కడుక్కో."

కొడుకు వైపు చూడకుండా, నేల మీద మిగిలిన సంగటి తానే ఎత్తింది.

సాయంత్రం బండల మీదికి ఎప్పటికన్నా ఎక్కువమంది వచ్చారు. ఆ సినిమా పేరు అంతగా మోగింది మరి. గోడ అవతల మగవాళ్ళు కూడా చెవులు పెట్టి నిలబడ్డారు. బావ మంచం మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. అత్త ఆ కథను, ఒక్కచోట కూడా ఆగకుండా, ఒక్క ఎత్తిపొడుపు లేకుండా చెప్పుకొచ్చింది. అట్లా చెప్పడం ఆమెకు అలవాటు లేదు. తన్నే చోటికి వచ్చాక మాత్రం ఆగింది.

"అంతవరకూ వాడెవడో నాకు తెల్దు. మొగానికి రంగు పూసుకున్నోడు ఎవడో అనుకుంటి. ఈ పొద్దు మధ్యాన్నం ఆ బొమ్మ మా ఇంట్లో మళ్ళా ఆడిరి. అప్పుడు తెలిసింది. వాడు నా కొడుకు."

పగ్గం పేనే చప్పుడు ఆగిపోయింది.

"సినిమాలో చూపియ్యలేదుగానీ, ఆ ఇంట్లో ఒక ముసల్ది గూడా ఉండాది. కోడలు దెబ్బలు తింటాంటే పెరట్లోకి పోయి మేకలకు ఆకు వేస్తాంటాది. వినపడనట్ల. ఇన్నాళ్ళూ కూసోని అన్నిటినీ తూ అంటి గదా నేను. అన్నిటికన్నా రోత ఆ ముసల్ది. అది నేనే."

బావ లేచాడు. మొహం నల్లబడిపోయింది. "ఊరి ముందర పెడతావామ్మా నన్ను?"

"ఊరి ముందరే. ఇంట్లో చెప్తే ఇంట్లోనే కుళ్ళిపోతాది."

"నీకు కొడుకు కావల్నా, అది కావల్నా?"

"నాకు ఇంట్లో ఈ కంపు లేకుండా కావల."

అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆదోనిలో పత్తి మిల్లులో చేరాడని తరవాత తెలిసింది.

మర్నాటి నుంచి బండల మీదికి సగంమంది రావడం మానేశారు. కొడుకును బజారుకు ఈడ్చిన తల్లి అని పేరు పెట్టారు. కొట్టినవాడి మీద ఎవరికీ అసహ్యం కలగలేదు. చెప్పిన ఆమె మీద కలిగింది. మా నాయన కూడా వచ్చి, "ఏమక్కా, నోరు కట్టుకోలేకపోతివా?" అన్నాడు.

రెండు రోజుల తరవాత, నేనూ ఆమే చెనిక్కాయలు ఒలుస్తున్నాం.

"నిన్ను నా కోడలిగా ఎందుకు వద్దంటినో తెలుసా పాపా?"

"నేను చదువుకోవాలని అంటివి గదత్తా."

"అది మీ నాయనకు చెప్పిన కత. నా కొడుకు చిన్నప్పుడే మేకపిల్లను కొట్టే తీరు చూసినా. వాళ్ళ నాయన చెయ్యి గూడా అట్లాంటిదే. బైబిలు పట్టుకునే చెయ్యే. నువ్వు నా తమ్ముని బిడ్డవి గదా, తప్పిచ్చినా. ఆ యమ్మ ఎవురి బిడ్డో గదా, తెచ్చినా."

మామ గురించి ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే చివర. ఆమె ఓదార్పు అడగలేదు. గింజలు వేరు చేసి, పొట్టు చెరిగి, లేచి లోపలికి పోయింది.

పుట్టింటికి పోతావా అని కోడల్ని అడిగింది. "నేను యాడికీ పోనత్తా. చేను కలుపు తీతకొచ్చింది" అంది అక్క. ఇద్దరూ కలిసి సేద్యం చేసుకున్నారు. శనివారాలు ఇద్దరూ సినిమాకు పోయేవాళ్ళు. మా అక్కకు గొంతు వచ్చింది అప్పుడే. వచ్చిన గొంతుతో ఆమె మొదట చేసిన పని అత్త మాట కాదనడం.

"నాకు బాగుందత్తా."

"ఏం బాగుందిమే ఆ దరిద్రం?"

"పాటలు బాగున్నాయి. ఆ పిల్ల చీర గూడా బాగుంది."

"సరే, నీ కండ్లు నీయి, నీ చెవులు నీయి" అని అత్త ఒప్పుకునేది. ఇంకొకరు అంటే ఒప్పుకునేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో బావ తిరిగి వచ్చాడు. నేను సెలవులకు వచ్చి ఉన్నాను. చిక్కిపోయాడు. ఇంట్లోకి రాకుండా బండల చివర నిలబడ్డాడు. అత్త కొర్రల్లో రాళ్ళు ఏరుతోంది, తల ఎత్తలేదు.

అతనే అన్నాడు: "ఆదోనిలో ఒక సినిమా చూసినా మా."

"ఊఁ."

"దాన్లో ఒగడు పెండ్లాన్ని కొడతాడు."

"ఊఁ."

"జనం ఈలలేసిరి. నా పక్కన కూసున్నోడు పడి పడి నవ్వె. నాకు మాత్రం రోత పుట్టె."

"నువ్వు నవ్వలేదా?"

"లేదు."

"ముందర ఎప్పుడన్నా నవ్వి ఉంటావు."

అతను నేల చూపు చూశాడు. "నవ్వి ఉంటా."

అత్త చేట కింద పెట్టింది. "ఇంట్లోకి రావల్నంటే నన్నడగాకు. అది చేనులో ఉండాది. పోయి దాన్నడుగు. అది వద్దంటే నేనూ వద్దంటా."

అక్కడ వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొద్దు వాలాక ఇద్దరూ వచ్చారు. అక్క ముందు నడుస్తోంది, అతను గడ్డిమోపు ఎత్తుకుని వెనక వస్తున్నాడు. ఆ వానాకాలమంతా అతను బయట వసారాలోనే పడుకున్నాడు. అది అక్క పెట్టిన షరతు. ఆ తరవాత అతను మారిపోయి దేవుడైపోయాడని రాయను. అట్లా రాస్తే మా అత్తకు మండుతుంది. గుడిలో కీర్తన ఎత్తుకోవడం మానేశాడు. మాట తగ్గించాడు. "ఇప్పుడు చెయ్యి చేసుకోడు. ఒగోసారి చెయ్యి లేస్తాది, అదే చేత్తో తల గీరుకుంటాడు" అని అక్క నాతో చెప్పింది. పోయినవి పోయినట్టే ఉన్నాయి. పాత దెబ్బకు విరిగిన ఆమె చేతి ఎముక ఒకటి వంకరగానే అతుక్కుంది.

ఈమధ్య పత్రికల్లో సినిమాల మీద అభిప్రాయాలు రాస్తున్నారు. ఫలానా నటి సాధ్వి పాత్రలో జీవించిందని, కంట నీరు ఆగలేదని రాస్తారు. చదివినప్పుడల్లా పత్రిక విసిరికొట్టాలనిపిస్తుంది. ఏ ఇంట్లో ఏ ఆడది ఆ సాధ్వీత్వం కింద నలిగిందో చూడకుండా, ఊరికే కంట నీరు పెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు అసహ్యం. మా అత్త ఎవరినీ ఏడిపించడానికి చెప్పలేదు. తాను కూడా ఏడవలేదు. చూసింది, చూసిన చోట ముక్కు మూసుకోలేదు. నన్ను చదువుకు పంపింది, నా జీవితం నాకు దక్కేటట్టు చేసింది. దానికి వేరొక ఆడపిల్ల ధర చెల్లించిందని కూడా తానే నాకు చెప్పింది. ఆమె పట్ల నాకున్న కృతజ్ఞతలో ఆ చేదు కూడా కలిసే ఉంటుంది. దాన్ని వేరు చేయడం నాకు చేతకాదు, చేయాలని కూడా లేదు.

పోయిన క్రిస్మసు సెలవుల్లో ఆమెతో చివరి సినిమా చూశాను. అప్పటికే దగ్గు ముదిరింది. నడవలేకపోతోంది. బావ గూడుబండి కట్టి అందరినీ కడపకు తీసుకుపోయాడు. ఆ సినిమాలో ఒక రాజు, ఒక మాయ అద్దం, ఇరవై ఏళ్ళు ముసలితనం రాని రాణి. మధ్యలో దగ్గు తెర వచ్చి ఆమె ఒళ్ళంతా ఊగిపోయినా, పోదామా అంటే తల అడ్డంగా తిప్పింది. ఆట అయ్యాక నేను కర్నూలు బస్సుకు పోవాలి. రోడ్డు పక్కన నన్ను దింపి, నా తల మీద చెయ్యి పెట్టి, "పోయిరా పాపా" అంది. బండి కదిలింది.

పొద్దు గుంకుతోంది. బండి వైపే చూస్తూ నిలబడ్డాను. వంక దాటి అవతలి గట్టు ఎక్కగానే గూడు పక్క నుంచి ఆమె చెయ్యి బయటికి వచ్చింది. ఎండు పుల్లలాంటి చెయ్యి. గాలిలో ఒకసారి అడ్డంగా కోసింది, ఒకసారి దేన్నో తీసి అవతలికి విసిరినట్టు విసిరింది, వేళ్ళు విప్పి ఇందులో ఏముంది అన్నట్టు బోర్లించింది. మాటలు నాకు వినపడటం లేదు. ముందు కూర్చుని ఎద్దులు తోలుతున్న బావ తల ఆగి ఆగి ఊగుతోంది. లోపలి నుంచి అక్క నవ్వు ఒకటి గాలిలో తేలి వచ్చింది. ఆ వెంటనే ఆ చెయ్యి ఇంకా కోపంగా లేచింది. బండి దుమ్ములో కలిసి కనపడకుండా పోయేదాకా, దుమ్ము పైన ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.